సాలిడ్ ఎలిమెంట్లతో బక్లింగ్ లెక్క: నా అనుభవం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ధాన్యం ఎలివేటర్ స్టాండు కడుతున్నారు. కాలమ్ అడుగున గస్సెట్ ప్లేట్లు (అతుకును గట్టిపరిచే ఇనుప పలకలు), నడుమ షాఫ్ట్ కోసం కోసిన పెద్ద కంత. "జర లావు ఇనుము ఏస్తే అయిపాయె గద సార్, గిన్ని లెక్కలెందుకు?" అన్నాడు వెల్డింగ్ షాపాయన. ఆ మాటా తీసిపారేసేది కాదు. కానీ కంత పడ్డ కాలమ్‌కు మామూలు బీమ్ సూత్రం నప్పదు. ఎంత బరువుకు పక్కకు వంగిపోతుందో, అంటే బక్లింగ్ ఎప్పుడవుతుందో తేలాలంటే, కాలమ్‌ను కంప్యూటర్‌లో చిన్న చిన్న ఇటుకలుగా (సాలిడ్ ఎలిమెంట్లు) విడగొట్టి లెక్కించడం నయం. ఉచితంగా దొరికే కాల్క్యులిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బక్లింగ్ స్టెప్ ఉంది. అయినా అదిచ్చే అంకెను నమ్మే ముందు లోపలేం జరుగుతుందో పైథాన్‌లో రాసి చూద్దామనుకున్నా.

ఈ లెక్కకు గుండెకాయ జామెట్రిక్ స్టిఫ్‌నెస్, అంటే లోపలి ఒత్తిడి వల్ల కాలమ్ బిగువులో వచ్చే మార్పు. ఆ పేరు అనగానే టెన్షన్ పడతాం గానీ, నన్నడిగితే బీమ్ కంటే సాలిడ్‌కే ఇది తేలిక. ముందు మామూలు స్టాటిక్ లెక్క చేసి స్ట్రెస్‌లు తీసుకోవాలి. తర్వాత ఇటుక మూలల్లాంటి బిందువుల్లో (నోడ్లు) ఏ రెండింటినైనా పట్టుకుని, ఒకదాని షేప్ ఫంక్షన్ (ఆ నోడ్ కదలిక ఇటుకంతా ఎలా పరుచుకుంటుందో చెప్పేది) గ్రేడియంట్, నడుమ స్ట్రెస్ టెన్సర్, రెండోదాని గ్రేడియంట్ గుణించి ఎలిమెంట్ అంతటా ఇంటిగ్రేట్ చేస్తే వచ్చేది ఒకే ఒక్క అంకె. ఆ జతకు చెందిన 3×3 గడిలో డయాగనల్ మీద అదే అంకె మూడుసార్లు, మిగతావన్నీ సున్నాలు. ఎనిమిది నోడ్ల ఇటుకకు 24×24 మ్యాట్రిక్స్ ఇలాగే నిండిపోతుంది. నోడ్లన్నిటినీ ఒకే దిక్కుకు ఒకేలా జరిపితే బలం సున్నా రావాలి. వచ్చింది.

అసలు తంటా వేరే చోట. పరీక్షకు 10 మి.మీ. చదరం, 200 మి.మీ. ఎత్తు ఉన్న ఉక్కు కడ్డీ తీసుకుని అడుగు బిగించి, పైకొన వదిలేశా. ఉక్కు ఎలాస్టిక్ మాడ్యులస్ (E) 2,00,000 ఎంపీఏ అనుకుంటే, బక్లింగ్ బరువు చెప్పే ఆయిలర్ సూత్రం ప్రకారం సుమారు 10,280 న్యూటన్లు. మందానికి ఒకటే ఎనిమిది నోడ్ల ఘనం పెట్టి, ఫుల్ ఇంటిగ్రేషన్‌తో నడిపితే దాదాపు ఒకటిన్నర రెట్లు చూపించింది! తప్పు జామెట్రిక్ భాగానిది కాదు. ఆ ఎలిమెంట్ సరిగా వంగదు, లేని షియర్‌ను (పొరలు జారే ఒత్తిడి) తెచ్చిపెట్టుకుని బిగుసుకుంటుంది. షియర్ లాకింగ్ అంటే ఇదే. 20 నోడ్ల ఎలిమెంట్‌కు మారి 2×2×2 గాస్ పాయింట్లు (ఇంటిగ్రేషన్ లెక్కించే చోట్లు) పెట్టగానే అంకె ఆయిలర్ దగ్గరికి దిగింది.

మిల్లు కాలమ్‌కూ అదే ఎలిమెంట్ వాడా. అయితే ఈ లెక్క ఇచ్చే బక్లింగ్ అంకె (ఐగెన్ వాల్యూ) చెప్పేది వంకర లేని, వెల్డింగ్ ఒత్తిడి లేని కాలమ్ గురించి. అందుకే దాన్ని నేరుగా డిజైన్ బలంగా తీసుకోలేదు. దాన్నుంచి స్లెండర్‌నెస్ (కాలమ్ ఎంత సన్నమో చెప్పే కొలత) లెక్కగట్టి, ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800:2007లోని బక్లింగ్ కర్వ్‌లో వేసి చూశాకే డ్రాయింగ్ పంపా.