పులుల లెక్కకి వెళ్లాలంటే మా అబ్బాయి సంతకం కావాలట! (నా అనుభవం)

పులుల లెక్కకి వాలంటీరుగా వెళ్లొచ్చాను. పిక్కల నొప్పి ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. రెండూ ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను. వెళ్లింది నల్లమలకే, కానీ కృష్ణకి ఏ గట్టునో మాత్రం చెప్పను. ఒక గట్టున అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రెండో గట్టున నాగార్జునసాగర్-శ్రీశైలం. గట్టు చెప్తే ఆఫీసు చెప్పినట్టే. అక్కడ మంచివాళ్లూ ఉన్నారు, నా వల్ల వాళ్లకి మాట రాకూడదు.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే పద్ధతిలో పులుల్ని లెక్కపెడుతున్నారు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, రాష్ట్రాల అటవీ శాఖలు కలిసి చేసే పని ఇది. 2006లో 1,411 అని తేలిన లెక్క, 2022 నాటికి 3,682 అయింది. మొదటి దశలో ప్రతి బీట్‌లోనూ (అడవిలో ఒక్కో గార్డుకి అప్పగించిన భాగం) మనుషులు కాలినడకన తిరిగి జంతువుల జాడలు నమోదు చెయ్యాలి. కొన్నిచోట్ల సిబ్బందికి తోడుగా బయటివాళ్లని పిలుస్తారు. డబ్బులేమీ ఇవ్వరు. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. చెట్లు తెలుసు, నడక అలవాటు ఉంది, సెలవులున్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

అప్లికేషన్ తేలికే. ఫోటో, ఆధార్, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం, అంతే. కొన్నాళ్లకి ఫోన్ చేసి సెలెక్ట్ అయ్యారన్నారు. అడవిలో ఏదైనా జరిగితే శాఖకి బాధ్యత లేదని పూచీకత్తు రాసి తెమ్మన్నారు. అదీ సబబే. ఎలుగుబంటి ఎదురైతే ఎవరి బాధ్యత అంటాం?

కాగితాలన్నీ వరసగా ట్యాగ్ కట్టుకుని ఆఫీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర పెద్దవయసాయన ఒక్కో కాగితం తిరగేసి, చివరికొచ్చాక తలెత్తాడు.

"సార్ సంతకం ఏదమ్మా?"

రేంజర్ గారి సంతకం అనుకున్నాను. "సార్ లోపలున్నారా? నేనే వెళ్లి పెట్టించుకోనా?" అన్నాను.

"ఆ సార్ కాదమ్మా, మీ సార్. ఇంటాయన."

ఆయన పోయి చాలా ఏళ్లయిందని చెప్పాను. "అయ్యో" అన్నాడు. ఆ 'అయ్యో'లో జాలి కన్నా, కాగితం ఆగిపోయిందే అన్న చిరాకే ఎక్కువ వినిపించింది నాకు. "పోనీ, నాన్నగారు?" లేరు. "అన్నదమ్ములు?" మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ కాసేపు ఆలోచించాడు. వెనక లైన్లో జనం ఉన్నారు. నా సంసారం మొత్తం వాళ్ల ముందు పరిచినట్టయింది. "పిల్లలున్నారా?" అన్నాడు. ఒక అబ్బాయి. "మేజరేనా?" పంతొమ్మిది నిండాయి.

అప్పుడు చూడాలి ఆయన మొహం! చిక్కుముడి విడిపోయినట్టు వెలిగిపోయింది. "మరింకేం తల్లీ, బాబు చేత రాయించుకురండి."

డ్రాయరు లాగి ఒక జిరాక్సు కాగితం తీశాడు. ముందే అచ్చు వేయించి పెట్టుకున్న నమూనా అది. "నా భార్య / నా కుమార్తె శ్రీమతి / కుమారి ............ అడవికి వెళ్లుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు. ఆమె పూర్తి బాధ్యత నేనే వహించెదను." ఆయన స్కేలు పెట్టి మరీ 'భార్య' కొట్టేశాడు, 'కుమార్తె' కొట్టేశాడు, పైనున్న కాస్త ఖాళీలో ఇరికించి నీలం బాల్‌పెన్నుతో 'తల్లి' అని రాశాడు. 'కుమారి' కూడా జాగ్రత్తగా కొట్టేశాడు. ఆ పనిలో ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధలో సగం ఆ ఆఫీసు గోడ మీది సిటిజన్ చార్టర్ బోర్డు మీద పెట్టి ఉంటే దాని మీది అక్షరాలు కనిపించేవి.

నా వెనక ఇద్దరు కుర్రాళ్లు నిలబడ్డారు. మెడలో మూరెడు లెన్సుల కెమెరాలు, ఒంటి మీద మిలిటరీ మచ్చల చొక్కాలు. ఒకడికి ఇరవై ఒకటో ఏడో ఏమో. వాళ్ల కాగితాలు చకచకా తీసుకుని ముద్ర కొట్టేశాడు. "వాళ్ల నాన్నల ఉత్తరాలు అక్కర్లేదా?" అని అడిగాను.

"వాళ్లు మగపిల్లలు కదమ్మా."

ఏ రూల్ ప్రకారమో చూపించమన్నాను. రూలని కాదు, పైనుంచి చెప్పారన్నాడు. పైన ఎవరు? లోపల ఇంకో గదిలో ఇంకో ఆయన. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. "మీ మంచికే మేడమ్. రేపు ఏదన్నా అయితే పేపర్లవాళ్లు మమ్మల్ని బతకనివ్వరు" అన్నాడు. పూచీకత్తు నేనే రాసిచ్చాను కదా అంటే, "మీది మీరిచ్చారు, కుటుంబం తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. ఆ కుటుంబం తరఫు ఎవరో ఒకరు ఆ కుర్రాళ్లకి ఎందుకుండక్కర్లేదో ఆయన చెప్పలేదు. ఎల్లుండిలోగా ఇవ్వకపోతే వెయిటింగ్ లిస్టులోవాళ్లని పిలుస్తామని మాత్రం చెప్పాడు.

ఇక్కడ కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి. ఇంటర్ పరీక్షలకి చీఫ్ సూపరింటెండెంటుగా ప్రశ్నపత్రాల కట్టల మీద సంతకం పెట్టిన చెయ్యి ఇది. నా సంతకం లేనిదే ఆ సీలు విప్పరు. అప్పుడు ఎవరూ మీ అబ్బాయిని తీసుకురండి అనలేదు. ఎన్నికల డ్యూటీలో రాత్రంతా పోలింగ్ బూత్‌లో పడుకున్నప్పుడూ అనలేదు. ప్రభుత్వానికి అవసరమైనప్పుడు ఆడది పెద్దమనిషి. తనంతట తాను ఒక చోటికి వెళ్తానంటే మాత్రం సంరక్షకుడు కావాలి!

స్కాన్ పనికిరాదు, ఒరిజినల్ కావాలన్నారు. బస్సెక్కి మావాడి హాస్టల్‌కి వెళ్లాను. వాడు కాగితం చదివాడు, నవ్వాడు, ఆ కొట్టివేతలు చూసి ఇంకా నవ్వాడు. "నేను హాస్టల్ గేటు దాటాలంటే అవుటింగ్ ఫారం మీద నీ సంతకం కావాలి. నీ అవుటింగ్‌కి నా సంతకమా?" అన్నాడు. "ఆరింటికల్లా ఇంటికి రావాలి మరి" అని బెదిరించాడు కూడా. సంతకం పెట్టాక మాత్రం పెన్ను నా చేతికివ్వకుండా, "అమ్మా, నువ్వు వాళ్లనేమీ అనలేదా?" అన్నాడు. అన్నానురా, అయినా వెళ్లాలనుంది అన్నాను.

కాగితం ఇచ్చాను. ఆయన చూడను కూడా చూడలేదు, ఫైల్లో పెట్టేశాడు.

ట్రైనింగ్ బాగుంది. ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఫోన్లో వేసి నేర్పారు. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్‌తో నడిచిన దారి, చూసిన జాడ నమోదవుతాయి. ఫోన్ చార్జింగ్ మాత్రం తాగేస్తుంది, పవర్ బ్యాంక్ తప్పనిసరి.

ఇక అడవి. నన్ను వేసిన బీట్‌కి ఆఫీసర్ ఎవరనుకున్నారు? ఇరవై ఆరేళ్ల అమ్మాయి. చెంచు వాచర్ ఒక్కరిని వెంటబెట్టుకుని రోజూ అదే అడవిలో తిరుగుతుంది. కలప దొంగలెదురైనా, ఉచ్చులు దొరికినా తనే చూసుకోవాలి. నా ఉత్తరం కథ చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "నిన్ను ఎవరి ఉత్తరమూ అడగలేదామ్మా?" అంటే, "అడిగితే బీట్ ఎవరు తిరుగుతారు మేడమ్!" అంది.

మొదటి మూడు రోజులు మాంసాహార జంతువుల జాడల సర్వే. రోజుకో దారిలో ఐదేసి కిలోమీటర్లు, మొత్తం పదిహేను. బండిబాటలు, వాగుల ఇసుక, పులి నడిచే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడే నడవాలి. అడుగులు, పెంట, గోళ్లతో నేల గీరిన గుర్తులు, చెట్టు మీది గీతలు, ఏది కనిపిస్తే అది యాప్‌లో ఎక్కించాలి. రెండో రోజు బాట మలుపులో మా చెంచు పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "తొక్కకమ్మా" అన్నాడు. మెత్తటి దుమ్ములో నాలుగు వేళ్లు, వెనక మెత్త. మెత్త కింది అంచుకి మూడు వంపులు స్పష్టంగా ఉన్నాయి. గోరు గుర్తు లేదు. కుక్క జాతికైతే గోళ్లు పడతాయి, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. అడుగు అంచున దుమ్ము ఇంకా రాలిపోలేదు. పెద్దాయన వంగి ఊదకుండా, ముట్టకుండా చూసి, "తెల్లారుజామున పోయింది, ఆడది" అన్నాడు. మగపులి అడుగు చదరంగా, ఆడపులిది కాస్త పొడుగ్గా ఉంటుందట. యాప్‌లో ఆ సంగతి రాసే చోటే లేదు, పులి అని మాత్రం రాయాలి.

దానికి కారణం ఉంది. ఒకప్పుడు అడుగుల్ని గాజు పలకల మీద గీసి, ప్లాస్టర్ అచ్చులు పోసి, ఇది ఫలానా పులి అని లెక్కలు కట్టేవారు. కాగితాల మీద పులులు చూపించిన రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో 2005 నాటికి ఒక్క పులీ లేదని బయటపడింది. దాంతో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు అడుగు చూసి ఇక్కడ పులి తిరుగుతోందని మాత్రమే తేలుస్తారు. ఎన్ని అన్నది కెమెరా ట్రాప్‌లలో (జంతువు ముందునుంచి వెళ్తే దానంతటదే ఫోటో తీసే కెమెరాలు) పడిన చారల్ని బట్టి చెప్తారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు.

తర్వాతి మూడు రోజులు ట్రాన్సెక్ట్. రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంట తెల్లవారగానే మాట్లాడకుండా నడవాలి. దుప్పి, కణితి, అడవిపంది, కొండముచ్చు ఏది కనిపించినా మందలో ఎన్ని, ఎంత దూరం, ఏ కోణం అన్నవి దిక్సూచి, రేంజ్‌ఫైండర్‌తో చూసి రాయాలి. పులి కడుపు నింపేవి అవే కాబట్టి వాటి లెక్కా కావాలి. నాతో ఆ మచ్చల చొక్కాల కుర్రాళ్లలో ఒకణ్ణి వేశారు, నా ఖర్మ. ఒంటికి సెంటు కొట్టుకొచ్చాడు. ఎండుటాకుల మీద బూట్లు టపటపలాడిస్తూ నడిచాడు. దుప్పుల మంద మేము చూసేలోపే మమ్మల్ని చూసి తోకలెత్తి మాయమైంది. కెమెరా తీసుకురావొద్దంటే మొహం మాడ్చుకున్నాడు, ఇంకో రోజుకి మోకాళ్లు పట్టేశాయని బేస్ క్యాంప్‌లోనే పడుకున్నాడు. వాడి మోకాళ్ల బాధ్యత వహించే ఉత్తరం ఎవరిదో అడగాలనిపించింది, అడగలేదు.

గీత వెంట ప్రతి నాలుగు వందల మీటర్లకీ ఆగి, పదిహేను మీటర్ల వ్యాసార్ధంలో ఉన్న చెట్లు రాయాలి. ఇక్కడ మాత్రం నాదే రాజ్యం. చిరుమాను, నల్లమద్ది, ఏగిస, బిల్లుడు, తునికి, వరసగా శాస్త్రీయ నామాలతో సహా చెప్పేశాను. ఒక్క చెట్టు దగ్గర తడబడితే పెద్దాయన బెరడు గిల్లి వాసన చూపించి పేరు చెప్పాడు. ఆ వాసన సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు. ఆ పక్కనే పెంటికల లెక్క, రెండు మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవు పట్టీలో వంగి వంగి వెతకడం. నడుము పోయేది అక్కడే. నడకకి కాదు, వంగడానికి సాధన చేసి వెళ్లండి.

పులి కనిపించిందా అని ఇప్పటికి అందరూ అడిగారు. కనిపించలేదు. ఫోటోల మోజుతో వెళ్లేవాళ్లు దయచేసి డబ్బు కట్టి సఫారీకి వెళ్లండి, ఒక సీటు నిజంగా నడిచేవాళ్లకి మిగులుతుంది. కొత్త బూట్లు వేసుకోవద్దు. సబ్బు కూడా వాసన లేనిదే తీసుకెళ్లండి. ముఖ్యంగా చెంచు వాచర్ ముందు నోరు మూసుకుని చెవులు తెరవండి.

ఆడవాళ్లకి ఇంకో మాట. ఇలాంటి ఉత్తరం అడిగితే నోటితో వాదించకండి, ఏ నిబంధనో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు. అప్పుడు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. "ఎందుకు అడిగారు?" అని రాస్తే అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపేస్తారు. "మహిళా వాలంటీర్ల నుంచి కుటుంబ సభ్యుల అంగీకారపత్రం తీసుకోవాలని ఉన్న ఉత్తర్వు లేదా సర్క్యులర్ నకలు ఇవ్వండి, మగ వాలంటీర్ల నుంచి తీసుకున్న అలాంటి పత్రాల సంఖ్య తెలపండి" అని రాయాలి. నేను అలాగే రాశాను. పది రూపాయల ఫీజు కట్టి, పోస్టులో పంపాను. వాళ్లకి అందినట్టు రుజువూ వచ్చింది. జవాబుకి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు, ఇంకా అవ్వలేదు. రాకపోతే మొదటి అప్పీలు కాగితం టైపు చేసి ఉంచాను, దాని మీద సంతకం నాది ఒక్కటే.