నాన్న బీపీటీ, ఎండాకు తెగులు, మూడు జన్యువులు

మా పొలం రేపల్లె దగ్గర, కృష్ణా పశ్చిమ డెల్టా కింద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న సార్వాలో వేసేది ఒకటే, సాంబ మసూరి. మా వైపు ఆ పేరంతా ఎవరూ పలకరు. బీపీటీ అంటారు. 1986లో మా పక్కనే ఉన్న బాపట్ల నుంచి విడుదలైన 5204 రకం అది. సన్న గింజ, మెత్తటి అన్నం. మా ఇంట్లో పెళ్లికైనా పత్యానికైనా అదే బియ్యం.

ఎంఎస్సీ రెండో ఏడాదిలో ఉండగా, అక్టోబరులో మూడు రోజులు ఈదురుగాలితో వాన పట్టింది. అది వెలిసిన వారానికి నాన్న ఫోన్ చేశారు. "ఆకు కొసల నుంచి ఎండిపోతోందమ్మా. షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను. ఏం తేడా లేదు" అన్నారు. ఆ గొంతు విని నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి పొలంలో ఉన్నాను.

ఆకుల అంచుల వెంట అలలు అలలుగా పసుపు గీత. కొసలు గడ్డిలా తెల్లబడ్డాయి. మంచు ఇంకా ఆరలేదు. ఎండిన అంచు మీద ఆవగింజ కన్నా చిన్న పసుపు బొట్లు కనిపించాయి. ఒక ఆకును పసుపూ పచ్చా కలిసే చోట కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన అంచు మునిగేలా పెట్టాను. నాలుగైదు నిమిషాలకు కోత దగ్గర నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్లలోకి దిగింది. నాన్న వంగి చూశారు. "ఏంటది?" అన్నారు. "బ్యాక్టీరియా నాన్నా, ఎండాకు తెగులు. ఆకు ఈనెల్లో కోట్ల కొద్దీ ఉంటుంది" అని చెప్పాను.

శిలీంధ్రం అయితే మందుకు లొంగేది. ఇది లొంగదు. నమ్మకంగా పనిచేసే మందు దీనికి లేదు. పైగా వాన తర్వాత పైరు పసుపెక్కిందని నాన్న ఎకరానికి ఇంకో అరబస్తా యూరియా చల్లారు. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు ఇంకా రెచ్చిపోతుంది. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం ఆయనే అడిగితే చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ ఏడాది వెన్నులో సగం తాలు. ఎకరానికి పది బస్తాలు తగ్గింది.

ప్రాజెక్టుకు నేను వరినే ఎంచుకోవడానికి కారణం ఆ గ్లాసే. హైదరాబాద్‌లో ఆరు నెలలు ఒక ల్యాబ్‌లో ఉన్నాను. మా పొలాన్ని కాల్చేసిన తెగులుకు జవాబు అప్పటికే ఉందని అక్కడ చేరాక తెలిసింది. హబ్సిగూడలోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకే తెగులును తట్టుకునే మూడు జన్యువులు తెచ్చాయి. అటు రమేష్ సొంటి గారు, ఇటు ఆర్.ఎం. సుందరం గారు, వాళ్ల బృందాలు. 2008లో 'మెరుగైన సాంబ మసూరి' పేరుతో ఆ విత్తనం విడుదలైంది. మా ఊరికి ఆ పేరే రాలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకు అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆ మూడింటిలో ఒకటి, ఎక్స్ఏ 21, ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిది. అది కాపలావాడు. బ్యాక్టీరియా రాగానే పసిగట్టి మొక్కను లేపుతుంది. రెండోది ఎక్స్ఏ 13. దీని కథ నాకు మరీ ఇష్టం. బ్యాక్టీరియాకు కావాల్సింది మొక్కలోని చక్కెర. చక్కెరను కణం బయటికి పంపే తలుపు ఒకటి ఉంటుంది. ఈ దొంగ దానికి సరిపడే తాళంచెవి తనే తెచ్చుకుంటాడు. ఎక్స్ఏ 13 ఉన్న మొక్కలో తాళం వేరు. చెవి పట్టదు. మూడోది ఎక్స్ఏ 5. ఆ దొంగ తన పనికి వాడుకునే మొక్క పనిముట్లలో ఒకదాన్ని అతని చేతికి ఇమడకుండా చేస్తుంది.

"మరి ఇన్నాళ్లూ మామూలుగా సంకరం చేసి తేలేకపోయారా?" అని అడిగారు నాన్న. సరిగ్గా అడగాల్సిందే అడిగారు. ప్రతి మొక్కకూ ఏ జన్యువైనా రెండు ప్రతులు, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఎక్స్ఏ 13 విషయంలో రెండు తలుపులకూ కొత్త తాళమే ఉండాలి. ఒక్కటి పాతదైనా దొంగకు చక్కెర దొరికిపోతుంది. అంటే జన్యువు ఒక ప్రతి ఉన్న మొక్కకు కూడా తెగులు వస్తుంది. కంటితో చూసి ఎంచుకునేవాడు దాన్ని పీకేస్తాడు. ఇంకో చిక్కు, కాపలావాడు ఒక్కడున్నా ఆకు పచ్చగానే ఉంటుంది. మిగతా రెండూ ఉన్నాయో లేవో ఆకు చెప్పదు.

డీఎన్‌ఏ చదవడం పనికొచ్చేది అక్కడే. మొలక దశలోనే చిటికెడు ఆకు తుంచి, ద్రవ నత్రజనిలో నూరి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌లో ఆ ఒక్క ముక్కనే కోట్ల ప్రతులు చేసి, జెల్ అనే జిగురు పలకలో కరెంటు పెట్టి పరిగెత్తిస్తాం. చిన్న ముక్క ఎక్కువ దూరం పోతుంది, పెద్దది పైనే ఉండిపోతుంది. ఎక్స్ఏ 21 ఉంటే గీత పైన ఆగుతుంది, లేకపోతే కిందికి జారుతుంది. నేను మొదటిసారి చీకటి గదిలో ఆ గీతలు చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మంచు పొలంలో నాకు కనపడనిది అక్కడ వరుసల్లో వెలుగుతోంది.

సంకరం మాత్రం చేతిపనే. వరి పువ్వులో ఆరు కేసరాలుంటాయి. ఊక కొస కత్తిరించి, అవి విచ్చుకోకముందే ఆరింటినీ తీసేసి, వేరే మొక్క పుప్పొడి దులపాలి. జన్యువులిచ్చింది పంజాబ్ రకం పీఆర్ 106 నుంచి వచ్చిన వరి. ఆ సంకరాన్ని మళ్లీ మళ్లీ సాంబతోనే కలుపుతారు. మొదటి తరంలో సాంబ వాటా సగం, తర్వాత ముప్పావు, తర్వాత ఎనిమిదింట ఏడు వంతులు, అలా పోతూ పోతూ అంతా సాంబే మిగులుతుంది, ఆ మూడూ తప్ప. పక్క పొలం బాబాయి "బీటీ పత్తి లాంటిదేనా?" అన్నారు. కాదు. పత్తిలో పెట్టింది నేలలో ఉండే బ్యాక్టీరియా జన్యువు. ఇక్కడ మూడూ వరివే, పుప్పొడి ద్వారా వచ్చినవే.

నాన్న అడిగిన ఆఖరి ప్రశ్న, "అన్నం మారుతుందా?"

రాజేంద్రనగర్ నుంచి తెచ్చిన విత్తనం ముందు ఎకరంలో వేశారు. ఆ ఏడాదీ అక్టోబరులో గాలివాన వచ్చింది. గట్టుకు అటు పాత బీపీటీ కొసలు తెల్లబడ్డాయి, ఇటు పచ్చగా నిలిచింది. సంక్రాంతికి అమ్మ కొత్త బియ్యం వండింది. నాన్న పప్పు కలుపుకోకుండా రెండు ముద్దలు తిని, తలూపి, అప్పుడు పప్పు వేసుకున్నారు. వరి తనలో తానే ఫలదీకరణం చేసుకుంటుంది కాబట్టి ఆ పంటలోంచే విత్తనం కట్టుకుని మరుసటి ఏడాది మూడెకరాలకూ వేశారు. ఈ బియ్యం గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, సుమారు 51 అని, అది తక్కువేనని పరీక్షల్లో తేలింది. అమ్మకు షుగర్ ఉంది, అందుకు నాకు అదో ఊరట. కొలత మాత్రం ఇప్పటికీ అదే కప్పు.

2025 మేలో 'కమల' అనే కొత్త వరిని ప్రకటించినప్పుడు నాన్నే పేపరు చూసి ఫోన్ చేశారు. అది కూడా సాంబ మసూరిలోంచే వచ్చింది. జన్యు సవరణతో వెన్నులో గింజల సంఖ్యను అదుపు చేసే సీకేఎక్స్ 2 జన్యువును మార్చారు. దిగుబడి ఎక్కువ, ఇరవై రోజుల ముందే కోతకొస్తుందని చెప్పారు. ఇవన్నీ చెప్పాను. నాన్న మొత్తం విని, "మార్చింది గింజల సంగతి. తెగులు సంగతి కాదుగా?" అన్నారు.

"కాదు నాన్నా."

"అయితే మన మూడూ అందులోకి తెచ్చాక చెప్పు, అప్పుడు వేస్తాను" అని ఫోన్ పెట్టేశారు.