క్యాలిపర్ చివర కొనండి: రోడ్ బైక్ డిస్క్ బ్రేకులకి జత కుదిర్చే పద్ధతి

రోడ్ బైక్‌కి డిస్క్ బ్రేకులు మార్చాలనుకునే వాళ్లు చాలామంది ముందు కొనేది క్యాలిపర్, అంటే ప్యాడ్‌లతో డిస్క్‌ని నొక్కిపట్టే భాగం. ఆఫర్‌లో ఉంటుంది, పేరున్న కంపెనీది, కొనేస్తారు. తీరా బిగించబోతే ఫ్రేము రంధ్రాలతో దాని బోల్టులు కలవవు. అవి కలిస్తే లీవర్ హ్యాండిల్‌బార్‌కి ఆనినా బ్రేకు పడదు. అసలు చూడాల్సిన వరస వేరు. ఫ్రేము, ఫోర్కు ముందు, తర్వాత చక్రాల హబ్‌లు (చక్రం మధ్య భాగాలు), ఆపైన లీవర్లు. ఇవన్నీ తేలాక క్యాలిపర్ ఏదో దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

రిమ్ బ్రేక్ ఫ్రేముకి క్లాంపులతో డిస్క్ బిగించే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లొద్దు. డిస్క్ పట్టినప్పుడు బలమంతా ఫోర్కు ఎడమ కాలి కింది చివర పడుతుంది. రిమ్ బ్రేక్ ఫోర్కుని ఆ బలం తట్టుకునేలా తయారు చెయ్యరు. కార్బన్ ఫోర్కు అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఫ్రేము మీద మౌంట్, అంటే క్యాలిపర్ బిగించే చోటు, మూడు రకాల్లో ఒకటి. ఐఎస్ మౌంట్ పాతది. దాని రంధ్రాల మధ్య దూరం 51 మి.మీ., బోల్టులు పక్కనుంచి అడ్డంగా వెళ్తాయి. పోస్ట్ మౌంట్‌లో దూరం 74 మి.మీ., బోల్టులు నేరుగా ఫ్రేములోని మరలో దిగుతాయి. ఇప్పటి రోడ్ బైకులన్నీ దాదాపు ఫ్లాట్ మౌంట్ మీదే నడుస్తున్నాయి. వెనక చైన్‌స్టే (పెడల్స్ దగ్గర్నుంచి వెనక చక్రానికి వెళ్లే కింది గొట్టం) మీద రంధ్రాల దూరం 34 మి.మీ., ఫోర్కు మీద 70 మి.మీ. ఒక స్కేలు పెట్టి కొలిస్తే అరనిమిషంలో తేలిపోతుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే అడాప్టర్లూ ఉన్నాయి. ఐఎస్ నుంచి పోస్ట్ మౌంట్‌కి మార్చేవి నమ్మకంగా పనిచేస్తాయి. ఫ్లాట్ మౌంట్ ఫ్రేము మీద పోస్ట్ మౌంట్ క్యాలిపర్ కూర్చోబెట్టేవి మాత్రం చాలాసార్లు వెనక త్రిభుజంలో చోటు చాలక చైన్‌స్టేకో దాని పైనున్న సీట్‌స్టేకో తగులుతాయి.

ఫ్లాట్ మౌంట్‌లో ఎక్కువమంది చిక్కుకునేది వెనక బోల్టు పొడవు దగ్గర. వెనక బోల్టులు చైన్‌స్టే కింద నుంచి పైకొచ్చి క్యాలిపర్‌లోకి దిగుతాయి. అందుకే ఎంత పొడవు కావాలో చెప్పేది చైన్‌స్టే మందం, క్యాలిపర్ కాదు. షిమనో ఈ బోల్టుల్ని 10, 15, 20, 25, 30, 35 మి.మీ. మందాలకి వేరువేరుగా అమ్ముతుంది. క్యాలిపర్ పెట్టకుండా బోల్టుని ఫ్రేములోంచి దూర్చి చూడండి, పైకి 13 మి.మీ. రావాలి. తక్కువ వస్తే నాలుగైదు మరలే పట్టి, బిగించేటప్పుడు క్యాలిపర్‌లోని అల్యూమినియం మర ఊడిపోతుంది. ఎక్కువ వస్తే బోల్టు లోపల అడుగుకి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ క్యాలిపర్ కదులుతూనే ఉంటుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే టార్క్ రెంచి కూడా దాన్ని పట్టుకోలేదు. బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు.

ముందు ఫోర్కు దగ్గర పద్ధతి వేరు. క్యాలిపర్‌కి ఒక పలక బిగించి, ఆ పలకని ఫోర్కుకి బిగిస్తారు. పలకని ఒకవైపు పెడితే 140 మి.మీ. రోటర్‌కి (బ్రేకు డిస్క్‌కి), తిప్పి పెడితే 160కి సరిపోతుంది. వెనక ఫ్రేము 140కే తయారై ఉంటే 160కి వేరే అడాప్టర్ కావాలి. ఈమధ్య వచ్చే కొన్ని ఫ్రేములు నేరుగా 160కే తయారవుతున్నాయి, వాటికి 140 పెట్టడం కుదరదు. ఫ్రేము కంపెనీ ఇచ్చిన గరిష్ఠ సైజు దాటి పెద్ద రోటర్ మాత్రం పెట్టొద్దు.

రోటర్ సైజుకీ అడాప్టర్‌కీ పొంతన లేకపోతే ఏం జరుగుతుందో తెలిసి ఉండటం మంచిది. 160 రోటర్‌ని 140 అమరికలో పెడితే చక్రమే ఎక్కదు, కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. తిరగేసి పెడితే, అంటే 160 అమరికలో 140 పెడితే, చక్రం ఎక్కుతుంది, బ్రేకు కూడా కాస్త పడుతుంది. కానీ ప్యాడ్ పైసగం గాల్లో ఉంటుంది. అరగని ఆ సగం అంచుల్లా మిగిలి, కొన్నాళ్లకి రెండు ప్యాడ్‌ల అంచులూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ తర్వాత లీవర్ ఎంత నొక్కినా రోటర్‌కి బలం అందదు.

సైజు విషయంలో నా అభిప్రాయం: రెండు చక్రాలకీ 160. అరకు ఘాట్ లాంటి పొడుగాటి దిగుడుల్లో రోటర్ ఎంత పెద్దదైతే వేడి అంత తేలిగ్గా వదిలించుకుంటుంది. స్పేర్‌గా ఒకే సైజు ఉంచుకోవచ్చు. వెనక 140 పెట్టుకుంటే కలిసొచ్చే బరువు కొద్ది గ్రాములే.

ఇక హబ్. రోటర్ బిగించే పద్ధతులు రెండు: ఆరు బోల్టులది, సెంటర్‌లాక్ (హబ్ పళ్ల మీద కూర్చోబెట్టి ఒకే లాక్‌రింగ్‌తో బిగించేది). సెంటర్‌లాక్ హబ్‌కి అడాప్టర్ పెట్టి ఆరు బోల్టుల రోటర్ వాడుకోవచ్చు. ఆరు బోల్టుల హబ్‌కి సెంటర్‌లాక్ రోటర్ పట్టదు. సెంటర్‌లాక్ లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు, అంటే చేతికి బాగా గట్టిగానే అనిపించాలి. 12 మి.మీ. యాక్సిల్ ఉన్న హబ్‌కి లోపలి పళ్ల లాక్‌రింగ్ చాలు, క్యాసెట్ విప్పే పనిముట్టే దానికీ సరిపోతుంది. 15 మి.మీ. యాక్సిల్ అయితే బయటి పళ్ల లాక్‌రింగ్, బాటమ్ బ్రాకెట్ రెంచి కావాలి. ఆరు బోల్టుల రోటర్‌కి టీ25 కీ వాడి, ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించాలి. రెండు జతల చక్రాలు మార్చుకునే వాళ్లకి హబ్‌ని బట్టి రోటర్ కాస్త లోపలికో బయటికో ఉండి ప్యాడ్‌కి రాసుకుంటుంది. చక్రం మార్చిన ప్రతిసారీ క్యాలిపర్ జరపడం కంటే ఆరు బోల్టుల రోటర్ కింద 0.2 మి.మీ. షిమ్‌లు (పల్చని రేకు వాషర్లు) వేసి రెండింటినీ ఒకచోటికి తేవడం మేలు.

మందం సంగతి. షిమనో రోటర్ కొత్తగా 1.8 మి.మీ., 1.5కి అరిగితే మార్చాలి. స్రామ్‌ది 1.85, మార్చాల్సింది 1.55 దగ్గర. క్యాంపగ్నోలోది 1.85, కానీ హద్దు 1.65. ఒక కంపెనీ రోటర్‌తో ఇంకో కంపెనీ క్యాలిపర్ చాలావరకు నడుస్తుంది. 0.05 మి.మీ. తేడా వల్ల సర్దుబాటు మాత్రం కాస్త బిగుతుగా ఉంటుంది. వెర్నియర్‌తో కొలిచేటప్పుడు దాని దవడ రోటర్ బయటి అంచు మీద ఆనకూడదు. అక్కడ ప్యాడ్ తగలదు కాబట్టి అరుగుదల ఉండదు, కొలత ఎక్కువ చూపిస్తుంది. ఇంకో మాట: చవక రోటర్ల మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటుంది. వాటి మీద మెటల్ ప్యాడ్ పెడితే రోటర్ త్వరగా అరిగిపోతుంది.

ఇప్పుడు లీవర్. కేబుల్ బ్రేకులు పెట్టుకునే వాళ్లకి అసలు కిటుకు ఇక్కడే. డ్రాప్ బార్ రోడ్ లీవర్ తక్కువ కేబుల్ లాగుతుంది, ఎక్కువ బలంతో. ఫ్లాట్ బార్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) లీవర్ ఎక్కువ కేబుల్ లాగుతుంది, తక్కువ బలంతో. క్యాలిపర్‌ని కూడా దానికి తగ్గట్టే చేస్తారు. ఏవిడ్ కంపెనీ క్యాలిపర్లలో బీబీ7 రోడ్, బీబీ7 ఎంటీబీ అని రెండు వేరు. టీఆర్‌పీలో స్పైర్ రోడ్ లీవర్‌కి, స్పైక్ ఎంటీబీ లీవర్‌కి. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకటనుకుని ఇంకొకటి తెప్పించుకుంటారు. రోడ్ లీవర్‌కి ఎంటీబీ క్యాలిపర్ కలిపితే ప్యాడ్ రోటర్‌ని పట్టేలోపే లీవర్ బార్‌కి ఆనుతుంది. తిరగేసి కలిపితే లీవర్ చెక్కలా గట్టిగా ఉంటుంది, వేళ్లు నొప్పెట్టేలా నొక్కినా బండి సరిగ్గా ఆగదు. కేబుల్ ఎంత బిగించినా ఈ తేడా పోదు.

కేబుల్ కొస కూడా చూసుకోండి. రోడ్ లీవర్‌లో కూర్చునే గుండు జామకాయ ఆకారంలో ఉంటుంది, మామూలు సైకిల్ షాపు కేబుల్‌కి డ్రమ్ము ఆకారం. హౌసింగ్, అంటే కేబుల్ నడిచే పై గొట్టం, నొక్కుకుపోని రకం బ్రేక్ హౌసింగ్ అయితే లీవర్ స్పందన బాగా మెరుగుపడుతుంది. ఖర్చు పెట్టదగ్గ మార్పు ఇదొక్కటే అంటాను. అలాగని గేర్ హౌసింగ్‌ని బ్రేకుకి ఎప్పుడూ వాడొద్దు. అందులో తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా బ్రేకు వేస్తే పగిలి విచ్చుకుపోతుంది.

బీబీ7లో ఒక ప్యాడే కదులుతుంది, స్పైర్‌లో రెండూ కదులుతాయి. కొత్తగా కొనేవాళ్లకి అందుకే స్పైర్ చెబుతాను. స్పైర్‌లో ప్యాడ్ అరిగితే రెండు పక్కలా ఉన్న 3 మి.మీ. అలెన్ స్క్రూలు తిప్పి సర్దాలి, కేబుల్ బిగువు మార్చే బ్యారెల్ అడ్జస్టర్‌తో కాదు. అడ్జస్టర్‌తో లాగితే క్యాలిపర్ మీద కేబుల్ తగిలించే కొమ్మ ముందే సగం తిరిగిపోయి బలం తగ్గుతుంది. టీఆర్‌పీ హైఆర్‌డీ అనేది కేబుల్‌తో నడిచే హైడ్రాలిక్. దానికైతే అడ్జస్టర్ మరీ కూడదు. కొమ్మ పూర్తిగా వెనక్కి రాకపోతే లోపల ఆయిల్ దారి మూసుకునే ఉంటుంది. అప్పుడు ప్యాడ్ అరుగుదలని అది సర్దుకోలేదు, వేడెక్కితే బ్రేకు పట్టుకునే ఉండిపోతుంది.

పూర్తి హైడ్రాలిక్‌లో లీవర్‌దీ క్యాలిపర్‌దీ ఒకే కంపెనీ అయి ఉండాలి. లీవర్‌లోని పిస్టన్ నెట్టే ఆయిల్‌కీ క్యాలిపర్ పిస్టన్ సైజుకీ లెక్క ఉంటుంది. షిమనోలో ఏ లీవర్ ఏ క్యాలిపర్‌తో పోతుందో కంపెనీ సైట్‌లోని కంపాటిబిలిటీ చార్ట్ చెబుతుంది. కొనే ముందు మోడల్ నంబర్లు అందులో చూసుకోండి. నంబర్ లీవర్ లోపలి వైపునో క్యాలిపర్ వెనకో చెక్కి ఉంటుంది.

ఆయిల్ దగ్గర మన దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. మోటార్ సైకిల్ మెకానిక్‌కి బ్రేక్ ఆయిల్ అంటే డాట్ 3, డాట్ 4. షిమనో, క్యాంపగ్నోలో, టీఆర్‌పీ హైఆర్‌డీ నడిచేది మినరల్ ఆయిల్ మీద. స్రామ్ రోడ్ బ్రేకులు డాట్ 5.1 లేదా డాట్ 4 మీద. మినరల్ బ్రేకులో డాట్ పోస్తే సీళ్లు పాడవుతాయి, లీవర్ వెనక్కి రావడం మానేస్తుంది. స్రామ్‌లో మినరల్ పోసినా సీళ్లు ఉబ్బిపోతాయి. రెండు సందర్భాల్లోనూ కడిగితే పోయేది కాదు, చాలాసార్లు లీవర్, క్యాలిపర్ రెండూ మార్చాల్సొస్తుంది. పేరులో 5 ఉంది కదా అని డాట్ 5 పోయకండి. అది సిలికాన్, 5.1తో ఏ సంబంధమూ లేదు. డాట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 5.1 పొడిగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 180కి పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట ఏడాదికోసారి మార్చడం మంచిది. తెరిచిన సీసాని మరుసటి ఏడాదికి దాచుకోవద్దు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

హోస్ (ఆయిల్ వెళ్లే గొట్టం) కోసిన ప్రతిసారీ దాని కొసన పెట్టే చిన్న ముక్కలు ఆలివ్, ఇన్సర్ట్ కొత్తవి వేయాలి, అవీ ఆ హోస్‌కి చెందినవే. షిమనో బీహెచ్59, బీహెచ్90 హోస్‌లు బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపలి రంధ్రం వేరు. పేరు హోస్ మీదే అచ్చు వేసి ఉంటుంది.

ప్యాడ్ ఆకారం క్యాలిపర్‌ని బట్టే. షిమనో ఫ్లాట్ మౌంట్ హైడ్రాలిక్‌కి కే, ఎల్ రకాలు. స్పైర్‌కి షిమనో బీ రకం, ఇది ఎక్కడైనా తేలిగ్గా దొరుకుతుంది. రెజిన్ మెత్తగా, చప్పుడు లేకుండా పడుతుంది, కానీ వానాకాలం బురదలో ఇట్టే అరుగుతుంది. మెటల్ ఎక్కువకాలం వస్తుంది, తడిస్తే అరుస్తుంది.

అంతా బిగించాక ప్యాడ్‌లని రోటర్‌కి అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 24 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి 20 సార్లు, 32 కి.మీ. నుంచి 10 సార్లు తగ్గించండి. మధ్యలో పూర్తిగా ఆగకండి, చక్రం లాక్ కానివ్వకండి. ఆ తర్వాత చైన్‌కి లూబ్ స్ప్రే కొట్టేటప్పుడు రోటర్ మీద గుడ్డ కప్పడం అలవాటు చేసుకోండి. పొరపాటున తుంపర పడితే రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు. నూనె పీల్చిన ప్యాడ్‌ని మాత్రం పారేయడమే. గరుకు కాగితంతో రుద్దినా లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది.