పని కుక్కకి పని లేకపోతే

వదిలేసిన కుక్కల్ని చేరదీసే రెస్క్యూ కెన్నెల్ అంటే ముసలివి, కుంటివి, జబ్బు చేసినవి ఉండే చోటని చాలామంది అనుకుంటారు. నేను శని, ఆదివారాలు వాలంటీర్‌గా పనిచేసే కెన్నెల్లో ఒక్కసారి అటు చివర నుంచి ఇటు చివరకి నడిచి చూడండి. ఏడాది, ఏడాదిన్నర వయసు కుక్కలు. నిగనిగలాడే బొచ్చు, బిగువైన ఒళ్లు, ఒక్క రోగం లేదు. బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలిన్వా, హస్కీ, కేటిల్ డాగ్. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అనే మాట ఒకటే: "ఇంత మంచి కుక్కని ఎలా వదిలేశారండీ?"

ఎలా వదిలేశారో అప్పగింత ఫారంలో ఉంటుంది. "ఎందుకు వదులుకుంటున్నారు?" అని ఒక గడి ఉంటుంది అందులో. పిల్లలు పరిగెత్తితే వెంటపడి మడమలు కొరుకుతోంది. చుట్టాలు వస్తే గుమ్మం దాటనివ్వట్లేదు. గోడ దూకి పోతే రెండో రోజు దాకా దొరకలేదు. కారు కనిపిస్తే చాలు, మీదకి దూకుతోంది. ఆ గడి చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోతుంది. ఎందుకంటే అక్కడ ఫిర్యాదుగా రాసిందంతా ఆ కుక్క చేయాల్సిన పనే. కేటిల్ డాగ్ పశువుల మడమలు కొరికి మందని తోలాలి. కాపలా కుక్క కొత్తవాళ్లని ఆపాలి. హస్కీ ముందుకి పరిగెత్తుతూనే ఉండాలి. తరతరాలుగా దీనికోసమే ఏరి ఏరి పెంచారు. తీరా ఆ పని చేసినందుకు తెచ్చి ఇక్కడ కట్టేస్తున్నారు.

ఈ ఏరడం ఎంత పట్టుదలగా జరిగిందో తెలిస్తే తప్ప విషయం అర్థం కాదు. ఇవాళ్టి బోర్డర్ కోలీల వంశవృక్షాలు పైకి పట్టుకుపోతే దాదాపు అన్నీ ఓల్డ్ హెంప్ అనే ఒక్క మగకుక్క దగ్గరకి చేరతాయి. 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ దగ్గర పుట్టింది. మొరగకుండా, మీద పడకుండా, ఒళ్లు కిందకి వంచి కేవలం చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట. చుట్టుపక్కల కాపరులంతా ఆ గుణం కోసమే దాని పిల్లల్ని పెంచుకున్నారు. జర్మన్ షెపర్డ్ సంగతీ అంతే. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఒక డాగ్ షోలో ఒక కుక్కని చూసి, కొనేసి, దానికి హోరాండ్ అని పేరు పెట్టి, దాంతోనే ఆ జాతి రిజిస్టర్ మొదలుపెట్టాడు. ఆయన దృష్టిలో అందం కన్నా పని ముఖ్యం. పని చేయని కుక్క ఎంత అందంగా ఉన్నా ఆయన లెక్కలో షెపర్డ్ కాదు.

తోడేలు వేటాడేటప్పుడు ఒక వరస ఉంటుంది. చూడటం, నక్కి నక్కి దగ్గరకెళ్లడం, తరమడం, పట్టడం, చంపడం. కోలీలో మొదటి మూడింటినీ పెంచి, చివరి రెండింటినీ మనుషులు అణిచేశారు. అందుకే కోలీ మంద చుట్టూ తిరుగుతుంది కానీ గొర్రె మీద పడదు. మంద లేనప్పుడు మాత్రం ఆ మొదటి మూడూ ఎక్కడికీ పోవు. మా దగ్గర టిల్లీ అని ఒక కోలీ ఉండేది. నేల కడగడానికి పైపు తెచ్చామంటే చాలు, ఉన్నచోటే బిగుసుకుపోయేది. తల భుజాల మట్టానికి వంచి, ముందు కాలు ఒకటి గాల్లోకి ఎత్తి, తోక కిందకి దించి, కన్నార్పకుండా ఆ నీటి ధారనే చూసేది. పేరు పెట్టి పిలిచినా వినిపించేది కాదు. ధార కదిలితే తనూ అంతే మేర పక్కకి జరిగేది. నీళ్లు కట్టేశాక కూడా చాలాసేపు ఆ తడి గచ్చు వైపే చూస్తూ నిలబడేది. ఫారంలో ఏం రాశారో తెలుసా? "మెదడు దెబ్బతిన్నట్టుంది, నీడల వెంట పడుతోంది" అని. దాని మెదడుకి ఏమీ కాలేదు. గొర్రె లేదు కాబట్టి నీడని పట్టుకుంది, అంతే. కానీ ఆ అలవాటు నెలల తరబడి సాగితే మాన్పించడం నిజంగానే కష్టం. పగలంతా గోడ మీద వెలుతురునే చూస్తూ, తిండి కూడా మరిచిపోయే కుక్కలున్నాయి.

మరి సరిగ్గా ఏడాది వయసులోనే ఎందుకు వస్తాయి? రెండు నెలల పిల్లగా ఇంటికొచ్చినప్పుడు ఏ జాతి కుక్కయినా పిల్లే. రోజులో చాలాభాగం నిద్రపోతుంది, లేచినప్పుడు ముద్దొస్తుంది. ఆరు నెలలు దాటి ఏడాదిన్నర లోపు అసలు స్వభావం బయటపడుతుంది. కాపరి ఇంట్లో అయితే ఆ ఈడు కోసమే ఎదురుచూస్తారు, కుక్కని మొదటిసారి మంద దగ్గరకి తీసుకెళ్లేది అప్పుడే. మామూలు ఇంట్లో సరిగ్గా ఆ ఈడులోనే తిట్లు మొదలవుతాయి, తర్వాత గదిలో పెట్టి తలుపెయ్యడం, తర్వాత మాకు ఫోన్. వచ్చేవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. ఏడుస్తూ అప్పగించి, పడుకునే దుప్పటి, బొమ్మ కూడా తెచ్చి ఇచ్చి వెళ్లేవాళ్లని చూశాను. "చాలా తెలివైన జాతి, ఏదైనా ఇట్టే నేర్చుకుంటుంది" అని చెప్పి అమ్మారు వాళ్లకి. నిజమే, ఇట్టే నేర్చుకుంటుంది. గేటు గడియ తియ్యడం నేర్చుకుంటుంది, ఏ టైంకి ఎవరు బయటికెళ్తారో నేర్చుకుంటుంది, మొరిగితే ఎవరు లేచి వస్తారో కూడా నేర్చుకుంటుంది. ఆ సగం అమ్మేవాడు చెప్పడు.

నా కోపమంతా ఆ అమ్మేవాళ్ల మీదే. జర్మన్ షెపర్డ్‌లో, కోలీలో, మాలిన్వాలో షోల కోసం పెంచే లైన్లు, అంటే వంశాలు, వేరు, పని కోసం పెంచే లైన్లు వేరు. పేరొకటే, బొచ్చు దాదాపు ఒకటే, లోపల ఇంజన్ మాత్రం ఒకటి కాదు. వర్కింగ్ లైన్ మాలిన్వాని పోలీసుకో, సెర్చ్ టీముకో ఇస్తే దేనికోసం పుట్టిందో ఆ పని చేస్తుంది. అదే కాన్పులో మిగిలిన పిల్లల్ని ఎవరు డబ్బిస్తే వాళ్లకి అమ్మేస్తున్నారు. 2011లో బిన్ లాడెన్ మీద దాడిలో అమెరికా సైన్యంతో వెళ్లిన కైరో అనే కుక్క మాలిన్వా, 2019లో ఐసిస్ నాయకుడు బాగ్దాదీ మీద దాడిలో గాయపడిన కోనన్ కూడా మాలిన్వానే. ఆ వార్తలు చదివి "ఆ మిలటరీ కుక్క ఉందాండీ?" అని మాకు ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కుక్క వెనక రోజంతా దానితోనే బతికే ఒక హ్యాండ్లర్ ఉంటాడని ఆ వార్తల్లో ఎవరూ రాయరు కదా.

పేరుప్రతిష్ఠలున్న కుక్కకే గతి లేని రోజులున్నాయి. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు చేర్చడానికి ఇరవై మంది స్లెడ్ నడిపేవాళ్లు, దాదాపు 150 కుక్కలు మంచులో వెయ్యి కిలోమీటర్లకు పైగా రిలేగా పరిగెత్తారు. చివరి అంచెలో మందుని ఊళ్లోకి చేర్చిన జట్టుకి ముందున్నది బాల్టో. ఆ ఏడాది డిసెంబరులోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం పెట్టారు. ఆ తర్వాత బాల్టోని, జట్టులోని మరికొన్ని కుక్కల్ని ప్రదర్శనలు ఇచ్చేవాళ్లకి అమ్మేశారు. చేతులు మారి మారి చివరికి లాస్ ఏంజెలస్‌లో చిల్లర డబ్బులకి వింతలు చూపించే ఒక చోట, గొలుసులతో, చిక్కి శల్యమై తేలాయి. జార్జ్ కింబుల్ అనే వ్యాపారి వాటిని చూసి తట్టుకోలేకపోయాడు. క్లీవ్‌లాండ్ జనం, బడిపిల్లలతో సహా, చందాలు వేసుకుని 1927లో బాల్టోతో కలిపి ఏడు కుక్కల్ని తమ ఊరి జూకి తెచ్చుకున్నారు. విగ్రహం నిలబెట్టిన రెండేళ్లలోపే జరిగింది ఇదంతా.

పని చేసి, పని అయిపోయాక పోయినవీ తక్కువేం కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున దాదాపు 4,000 కుక్కలు పనిచేస్తే, తిరిగొచ్చినవి 200 దాకా. సైన్యం పుస్తకాల్లో అవి సామాను కింద లెక్క, అందుకని వదిలేసి వచ్చారు. రిటైరైన కుక్కని ఇంటికి దత్తతకి ఇవ్వొచ్చని అక్కడ చట్టం వచ్చింది 2000లో. స్పెయిన్‌లో వేట సీజన్ ముగియగానే గాల్గోలనే వేట కుక్కల్ని వదిలేయడం ఏటా జరిగేదే. 2023లో అక్కడ కొత్త జంతు సంక్షేమ చట్టం తెచ్చారు, అందులో వేట కుక్కల్ని మినహాయించారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు చెప్పే మాట ఇంకొకటుంది. "రోజూ రెండు పూటలా పరిగెత్తిస్తున్నామండీ, అయినా అలిసిపోదు." పాపం, నిజంగానే పరిగెత్తిస్తారు. బాల్ విసురుతారు, సైకిల్ వెంట తీసుకెళ్తారు. మూడు నెలలు అలా చేస్తే కుక్క అథ్లెట్ అవుతుంది, ముందు అరగంట చాలిన చోట ఇప్పుడు రెండు గంటలు కావాలి. మంద దగ్గర పని ఇలా ఉండదు. కాపరి తన కుక్కకి మొట్టమొదట నేర్పే వాటిలో ఒకటి, చెప్పగానే ఉన్నచోటే పడుకోవడం. కాసేపు పరుగు, మళ్లీ ఈల వినపడేదాకా గడ్డిలో పడుకుని చూస్తూ ఉండటం. ఆగడం కూడా అక్కడ పనిలో భాగమే. బాల్ విసిరే ఇంట్లో ఆగమని ఎవరూ నేర్పరు. తరమడం ఒక్కదాన్నే రోజూ సానబెడతారు.

కెన్నెల్ కూడా వాటికి మేలు చేయదు. ఈ మాట మేమే చెప్పాలి. గచ్చు, ఇనుప జాలీ, నాలుగు వైపులా అరుపులు. కొత్తగా వచ్చిన కుక్కల ఒంట్లో మొదటి కొద్ది రోజులు టెన్షన్ హార్మోను కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉంటుంది. కాస్త నెమ్మదైన జాతి కుక్క మూలకి ముడుచుకుంటుంది, దాన్ని చూసి జనం జాలిపడి తీసుకెళ్తారు. నోవా అని మా దగ్గరకొచ్చిన మాలిన్వా ఆడకుక్క మాత్రం మనిషి కనిపిస్తే జాలీ మీదకి ఎగిరేది, గోడని తన్ని గిరికీలు కొట్టేది, లీష్, అంటే మెడకి కట్టి నడిపించే తాడు, చూస్తే పళ్లతో పట్టుకుని గుంజేది. దత్తతకి వచ్చినవాళ్లు ఒక అడుగు వెనక్కేసి పక్క గదికి వెళ్లిపోయేవాళ్లు. అలా రోజులు పెరిగేకొద్దీ దాని అలజడి పెరిగేది, అలజడి పెరిగేకొద్దీ అడిగేవాళ్లు తగ్గిపోయేవాళ్లు.

నోవాని దారిలోకి తెచ్చింది ముక్కు. మా కెన్నెల్లో సీనియర్ ఒకావిడ ఉన్నారు, నాకు అన్నీ నేర్పింది ఆవిడే. ఒక రోజు ఖాళీ గదిలో అట్టపెట్టెలు పరిచి, ఒకదాంట్లో నోవాకి ఇష్టమైన తాడు బొమ్మ దాచి, "నువ్వు మాట్లాడకు, కదలకు, ఊరికే నిలబడు" అన్నారు నాతో. తలుపు తీయగానే నోవా గదంతా ఒక సుడి తిరిగింది. రెండో చుట్టులో సగంలో ఆగింది. నోరు మూసింది. అప్పటిదాకా అది నోరు మూసుకోవడం నేను చూడనేలేదు. తర్వాత చిన్న చిన్నగా, గబగబా వాసన పీల్చే చప్పుడు. ఒక్కో పెట్టె అంచు మీదుగా ముక్కు పోనిస్తూ, దాటేసిన పెట్టె దగ్గరకి మళ్లీ వచ్చి, తల విదిలించి, బొమ్మ ఉన్న పెట్టె ముందు కూర్చుండిపోయింది. నాలుగైదుసార్లు చోటు మార్చి దాచాం. పావుగంట పట్టిందేమో. తిరిగి తన గదికెళ్లి నీళ్లు తాగి, నడుము ఒక పక్కకి వాల్చి పడుకుంది. కుక్క అలా పడుకుందంటే లేచి ఉరికే ఆలోచన లేదని అర్థం. గంట పరుగుతో రానిది పావుగంట వాసనతో వచ్చింది.

అందుకే ఇప్పుడు ఇలాంటి కుక్క కోసం ఎవరైనా వస్తే ఇల్లెంత పెద్దది, పెరడుందా అని మేం ముందు అడగం. పెరట్లో ఒంటరిగా వదిలితే కోలీ కంచె వెంట అటూ ఇటూ తిరిగి బాట వేస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు. పని ఉన్న రోజున, వాన పడుతుంటే, అలిసిపోయి ఇంటికొచ్చాక సాయంత్రం ఏం చేస్తారని అడుగుతాం. జవాబు చెప్పడానికి తడబడేవాళ్లు ఉంటారు, కోపం తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. "మాకు ఇంతకుముందు లాబ్రడార్ ఉండేదండీ, కుక్కలు మాకు కొత్త కాదు" అంటారు. వాళ్లకి మా దగ్గరున్న పెద్ద వయసు కుక్కల్ని చూపిస్తాం. ఆరేళ్లు దాటిన షెపర్డ్ చాలా ఇళ్లకి సరిగ్గా సరిపోతుంది, కానీ దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

పిల్లని కొనబోయేవాళ్లు మాత్రం ఒక పని చేయండి. పిల్ల తల్లిని చూపించమనండి. అది రోజూ ఏం పని చేస్తుందో అడగండి. తర్వాత ఇంకొకటి: "ఎప్పుడైనా సరే, ఎన్నేళ్లయినా సరే, మా వల్ల కాకపోతే మీరు వెనక్కి తీసుకుంటారా? కాగితం మీద రాసిస్తారా?" రాసిచ్చే బ్రీడర్లు ఉన్నారు. వాళ్లు పెంచిన కుక్కలు మా కెన్నెల్‌కి దాదాపు రావు. ఎప్పుడైనా వస్తే, కుక్క ఒంట్లో పెట్టిన గుర్తింపు చిప్ చదివి ఫోన్ చేస్తే, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.

నోవా ఇప్పుడు తప్పిపోయిన మనుషుల్ని వెతికే ఒక వాలంటీర్ టీములో ఒకాయన దగ్గర ఉంది. లీష్ కొరకడం ఇంకా పూర్తిగా మానలేదట. ఆయనకి అది పెద్ద సమస్యలా అనిపించట్లేదు, ఇంకో లీష్ కొన్నానని చెప్పారు.