చెక్‌డ్యామ్ వెనక ఖాళీ ఎంత ఉంది?

చెన్నైలో అక్టోబరు వచ్చిందంటే చాలు, పూండి జలాశయం ఎంత నిండింది, చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తుతారా అని అందరికీ టెన్షన్. నీళ్ల లెక్క రోజూ అడుగుతాం. ఆ నీళ్లు మోసుకొచ్చే ఇసుక, రాళ్ల లెక్క మాత్రం ఎవరూ అడగరు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు వరద వెళ్లిపోయింది గానీ రాజంపేట వైపు పొలాల్లో ఇసుక మేటలు అలాగే ఉండిపోయాయి, అవి చూసిన రైతుకి అడగాల్సిన లెక్క ఏదో వేరే చెప్పక్కర్లేదు.

తిరుత్తణి అవతల ఒక వాగు మీద చిన్న చెక్‌డ్యామ్ చూశాను. గోడ వెనక ఇసుక అంచు దాకా పేరుకుపోయి, దాని మీద సర్కారు తుమ్మ ఏపుగా పెరిగింది. ముందు వైపు నీళ్లు దూకే చోట కాంక్రీటు కింద మట్టి కోసుకుపోయి చెయ్యి దూరేంత సందు పడింది. కాగితాల మీద ఇదీ ఒక రక్షణ కట్టడమే!

నిండిన గోడ పూర్తిగా దండగ అంటే ఒప్పుకోను. కొండ వాగుల్లో అది వాలు తగ్గిస్తుంది, ప్రవాహం జోరు తగ్గి గట్లు కోతపడవు. కానీ కొత్తగా దొర్లుకొచ్చే బండలకి అక్కడ పెద్దగా చోటుండదు. అందుకే జపాన్‌లో కొండ వాగుల్లో కొట్టుకొచ్చే మట్టి, రాళ్లని ఆపడానికి కట్టే సాబో డ్యాముల్లో ఒక రకానికి నిలువు సందులు వదులుతారు: మామూలు రోజుల్లో ఇసుక కిందికి పోతుంది, వెనక చోటు ఖాళీగా ఉంటుంది, మెరుపు వరదలో బండలు, చెట్ల మొద్దులు ఆ సందుల దగ్గర ఇరుక్కుని ఆగిపోతాయి. పైగా ఇసుకంతా పైనే ఆపేస్తే కింద ఏటి అడుగు కోతపడి వంతెనల పునాదులు బయటపడతాయి, ఆ బాధ కూడా దీంతో తగ్గుతుంది. అలాగని ఆరణియార్ లాంటి మైదానపు ఏటికి ఇది పనికిరాదు, అక్కడ వచ్చేది బండలు కాదు, ఇసుక, ఒండ్రు. భూగర్భ జలాల కోసం కట్టిన చెక్‌డ్యామ్‌ని వరద రక్షణ ఖాతాలో వెయ్యడం నాకు అసలు నచ్చని విషయం.

ఏ కట్టడమైనా గోడకి అడుగుల గుర్తులు పెయింట్ చేసి, ఈశాన్య రుతుపవనాలకి ముందు ఒకసారి, పెద్ద వరద తర్వాత ఒకసారి మేట ఎంతవరకు ఉందో, గోడ పాదం దగ్గర ఎంత కోసుకుపోయిందో రాసి ఊళ్లో అందరికీ కనపడేలా పెట్టాలి. తీసిన పూడికని గట్టు మీదే పోసి వెళ్లిపోతే బిల్లు ఇవ్వకూడదు, మొదటి వానకే అది మళ్లీ ఏట్లోకి దిగుతుంది.