ఉప్పునీటి ఒడ్డుకు నా మొదటి మెటల్ డిటెక్టర్: నా అనుభవం

పొడి ఇసుకలో అరగంట సేపు బుద్ధిగా పనిచేసిన మిషన్, అల తడిపి వెళ్ళిన ఇసుక మీదకి రాగానే కూయడం మొదలుపెట్టింది. కర్ర చివర ఉండే గుండ్రటి కాయిల్ కదిపితే కూత, కాస్త ఎత్తితే కూత, దించితే ఇంకా పెద్ద కూత. మోగిన చోటల్లా తవ్వాను. ఎక్కడ తవ్వినా ఉత్త ఇసుకే. ఫ్లోరిడాలో మేముండే ఊరికి దగ్గరలోని కోకో బీచ్‌లో, పొద్దున్న ఏడింటికి, నూట యాభై డాలర్లు పెట్టి కొన్న ఆ మిషన్ పట్టుకుని ఏడుపొక్కటే తక్కువగా నిలబడ్డాను.

దాన్ని కొనడానికి కారణం అమ్మ ఉంగరం. మార్చిలో కాకినాడ నుంచి అమ్మ వచ్చింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మనవడికి అలలు చూపిస్తోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, చేతికి సన్‌స్క్రీన్ జిడ్డు ఉంది, అసలే ఈమధ్య అమ్మ చిక్కింది. ఉంగరం ఎప్పుడు జారిందో తెలీలేదు. "పోతే పోయిందిలేవే, గంగమ్మ తీసుకుంది" అంది. రాత్రి అన్నాల దగ్గర మాత్రం మళ్ళీ ఎత్తింది. "మన ఉప్పాడలో తుఫాను వెళ్ళాక ఆడవాళ్ళు ఒడ్డున ఇసుక జల్లించి బంగారం ఏరుకుంటారు కదే, ఇక్కడ అలా ఏరేవాళ్ళే లేరా?" 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ ఒడ్డు నిండా జనం కూర్చుని ఇసుకలో చిన్న చిన్న బంగారు పూసలు ఏరడం మా వాళ్ళంతా చూశారు. అమ్మ ఆ ఊహలోనే ఉంది. అమ్మ విమానం ఎక్కిన వారానికి నేను మిషన్ కొన్నాను.

కొన్నది తప్పు మిషన్. అది చెడ్డదని కాదు. పార్కుల్లో, పొలాల్లో నాణేలు వెతకడానికి బాగానే పనికొస్తుంది. ఉప్పునీటికి మాత్రం పనికిరాదు. ఎందుకు పనికిరాదో అర్థం చేసుకోవడానికి నాకు నెల పట్టింది. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు అదే చెబుతాను.

డిటెక్టర్ కాయిల్ భూమిలోకి అయస్కాంత తరంగాలు పంపుతుంది. లోపల కరెంటు ప్రవహించగల వస్తువు ఏదైనా ఉంటే అది బదులిస్తుంది. ఉప్పునీళ్ళలో కరెంటు ప్రవహిస్తుంది. అంటే సముద్రపు ఒడ్డున తడి ఇసుక అంతా కలిపి మిషన్‌కి ఒక పెద్ద పలచటి లోహపు రేకులా కనిపిస్తుంది. అంతకంటే కష్టం ఏమిటంటే, ఉప్పు ఇచ్చే బదులు, సన్నటి బంగారం ఇచ్చే బదులు దాదాపు ఒకే చోట పడతాయి. ఉప్పు గోల వినలేక దాన్ని వడకట్టేస్తే బంగారం కూడా దాంతోపాటే పోతుంది. నాదానిలా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్‌ని ఉప్పుకి సరిపెడితే ఇసుకలోని ఇనుప ఖనిజానికి కుదరదు, దానికి సరిపెడితే ఉప్పుకి కుదరదు. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపే మిషన్లు వాటన్నిటి బదుళ్ళనూ పోల్చి చూసుకుని, ఉప్పునూ ఖనిజాన్నీ రెండింటినీ తీసేయగలవు. లోతు ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు, స్క్రీన్ ఎంత పెద్దది అని నేను వారాల తరబడి చదివినవన్నీ దీని తర్వాతే.

ఈ మాట నాకు మొదట చెప్పింది ఆ బీచ్‌లో రోజూ కనిపించే ఒక ముసలాయన. ఆయన చేతిలో ఉన్నది పల్స్ ఇండక్షన్ మిషన్, అంటే తరంగాలను ఆగి ఆగి దెబ్బలుగా పంపే రకం, పేరు గారెట్ సీ హంటర్. ఆ రకానికి ఉప్పు అంటే లెక్కే లేదు, నీళ్ళలో 200 అడుగుల లోతుకి తీసుకెళ్ళినా ఏమీ కాదు. ఓ పది నిమిషాలు నా చేతికిచ్చారు. తడి ఇసుకలో నిశ్శబ్దంగా సాగింది, మోగిన చోట తవ్వితే నిజంగానే లోహం ఉంది. తలపిన్ను, మళ్ళీ తలపిన్ను, తుప్పు మేకు, ఇంకో తలపిన్ను. ఆ మిషన్ ఇది ఇనుము, ఇది వెండి అని విడదీసి చెప్పదు, మోగినదల్లా తవ్వాలి. ఆయన రిటైరయ్యారు, తీరిక ఉంది. నాకు వారానికి ఒక్క శనివారం పొద్దున్న, అదీ పిల్లాడు లేచేలోపు దొరికే రెండు గంటలు. ఆ రకం నాకు కుదరదని అక్కడే తేలిపోయింది.

మిగిలినవి మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్లు. మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ ధరలో అందుబాటుగా కనిపించింది, మా ఆయన దాన్నే తీసుకోమన్నారు. దానికి కాయిల్ మాత్రమే నీళ్ళలో మునగొచ్చు, పైన డబ్బా మునగకూడదు. ఒడ్డున తడి ఇసుకలోనే నడిచేవాళ్ళకి అది చాలు. అమ్మ ఉంగరం పోయింది మోకాలి లోతులో. అక్కడ నిలబడితే ఒక్కో అల నడుం దాకా వస్తుంది, నేను తూలితే మిషన్ కూడా నాతోపాటే నీళ్ళలో పడుతుంది. నాకు మొత్తం మునిగినా తట్టుకునేది కావాలి. నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 600, ఈ రెండూ 3 మీటర్ల వరకు మునగొచ్చు. కొత్త లెజెండ్‌కి మా బడ్జెట్ చాలలేదు. పక్క ఊళ్ళో ఒకాయన ఈక్వినాక్స్ 600 నాలుగు వందలకి అమ్ముతుంటే వెళ్ళాం.

ఇంట్లోనో గరాజ్‌లోనో చూసి కొనకూడదని అప్పటికే గట్టిగా అనుకున్నాను. బీచ్‌కే రమ్మని అడిగితే ఆయన సరేనన్నారు. ఒక డబ్బాలో మా ఇంటి వస్తువులు తీసుకెళ్ళాను: నా ఉంగరం, వెండి మెట్టెలు, సన్నటి గొలుసు, ముక్కుపుడక. నా ఉంగరం, అమ్మ పోగొట్టుకున్నది ఒకే కంసాలి చేసిన జత, ఐదు గ్రాముల సాదా ఉంగరాలు, 22 కేరట్లు. ప్రతిదానికీ చేప గాలపు దారం కట్టి, రెండో కొస నా మణికట్టుకి ముడేసుకున్నాను. ముందు పొడి ఇసుక మీద, తర్వాత తడి ఇసుకలో జానెడు లోతున పెట్టి, పైన కాయిల్ తిప్పి చూశాం.

మెట్టెలు గంటలా మోగాయి. వెండిని పట్టుకోవడం సులువు. కింద ఉన్నది ఏ లోహమో సూచించడానికి స్క్రీన్ మీద ఒక నంబర్ పడుతుంది; ఉంగరం తడి ఇసుకలో కూడా అటు తిప్పినా ఇటు తిప్పినా 16, 17 దగ్గరే నిలిచింది. ఇక్కడివాళ్ళు బంగారం ఎక్కువగా ఇంకా తక్కువ నంబర్లలో పడుతుందని చెబుతారు, ఎందుకంటే ఇక్కడి ఉంగరాలు చాలావరకు 14 కేరట్లవి. బంగారం ఎంత మేలిమిదైతే అందులో కరెంటు అంత బాగా ప్రవహిస్తుంది, అందుకే మన 22 కేరట్ల ఉంగరం అదే సైజు 14 కేరట్ల దానికన్నా పైన పడింది. మన నగలు వెతికేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. ఇక గొలుసు. పొడి ఇసుకలో కొక్కెం దగ్గర ఒక చిన్న చప్పుడు, తడి ఇసుకలో అదీ లేదు. ఎంత పొడవు గొలుసైనా మిషన్‌కి అది ఒక ముక్కలా కనిపించదు, ఒక్కో చిన్న లంకె విడివిడిగా కనిపిస్తుంది. ముక్కుపుడక సంగతి చెప్పక్కర్లేదు. ఎవరికైనా సముద్రంలో సన్నటి గొలుసు పోతే ఏ మిషన్ వాళ్ళైనా దొరుకుతుందని మాటివ్వలేరని ఆ రోజే తెలిసింది.

నాలుగు వందలు ఇచ్చి తీసుకున్నాం.

మిషన్ కుదిరాక నేర్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. ఉప్పు ఇసుక కోసం మిషన్‌లో ఉన్న బీచ్ మోడ్‌లో పెట్టి, సెన్సిటివిటీ (చిన్న బదులుకి కూడా మోగే గుణం) బాగా తగ్గించాను. పెంచితే లోతు వస్తుందని ఆశపడతాం, తడి ఇసుకలో పెంచితే వచ్చేది గోల మాత్రమే. నీటి అంచుకి సమాంతరంగా నడవాలి. పైకీ కిందకీ నడిస్తే తడి మారుతూ ఉంటుంది, మిషన్ తడబడుతుంది. కాయిల్ చివర్లలో పైకి లేవకుండా ఇల్లు తుడిచినట్టు నెమ్మదిగా తిప్పాలి. ఇనుము తప్ప దేన్నీ వడకట్టకూడదు. కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు బంగారం పక్కనే మోగుతాయి, అవి తవ్వడానికి విసుగొస్తే ఉంగరాన్ని కూడా వదులుకున్నట్టే. తవ్వడానికి పొడుగు కర్ర ఉన్న స్టీల్ జల్లెడ గరిట కావాలి. చిన్న ప్లాస్టిక్ పారతో అల వెనక్కి వెళ్ళేలోపు ఏదీ తీయలేం. ఇంటికి రాగానే అన్నిటినీ మంచినీళ్ళతో కడగాలి.

సముద్రం పాటు మీద ఉన్న టైము, అంటే నీళ్ళు వెనక్కి తగ్గే టైము, చూసుకుని వెళ్ళడం అమ్మకే బాగా తెలుసు. "అమావాస్యకి చూడు, నీళ్ళు ఎంత వెనక్కి పోతాయో" అంది ఫోన్‌లో. పౌర్ణమికి కూడా అంతే. ఆ రోజుల్లో మిగతా రోజులకన్నా ఎక్కువ ఒడ్డు బయటపడుతుంది.

చట్టం సంగతి కూడా ముందే కనుక్కోవాలి. మాకు ఉత్తరాన ఉన్న కెనావెరల్ నేషనల్ సీషోర్‌లో డిటెక్టర్ వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. అది నేషనల్ పార్కులన్నిటికీ ఉన్న రూలు. మార్చి నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి, కర్రలు పాతి టేపు కట్టిన గూళ్ళ దరిదాపులకి వెళ్ళకూడదు. ఇసుక దిబ్బలు ఎక్కకూడదు. దక్షిణాన సెబాస్టియన్ వైపు 1715 జూలై 31న తుఫానుకి స్పెయిన్ నిధి ఓడలు మునిగాయి, ఆ ఒడ్డుని ఇప్పటికీ ట్రెజర్ కోస్ట్ అంటారు. అక్కడికి వెళ్దామని మావాడు గొడవ చేస్తాడు. ఎక్కడ వెతకొచ్చో, ఎక్కడ కూడదో అక్కడ అడుగడుగునా మారుతుంది. అది పూర్తిగా తెలుసుకున్నాకే తీసుకెళ్తానన్నాను.

అమ్మ ఉంగరం దొరకలేదు. బరువైన వస్తువు ఇసుకలో దిగిపోతూనే ఉంటుంది, పెద్ద తుఫాను ఒడ్డుని కోసినప్పుడు గానీ మళ్ళీ పైకి రాదు. ఇప్పటిదాకా దొరికినవి చేపల వలల సీసపు గుళ్ళు, ఎర్రగా మారిన ఐదు సెంట్ల బిళ్ళలు, చీమలు కొరికిన బిస్కెట్‌లా అంచులు తినేసిన జింకు పెన్నీలు (ఒక సెంటు బిళ్ళలు). పోయిన శనివారం మాత్రం 22 దగ్గర నిలకడగా మోగింది. రెండు గరిటల లోతున నల్లగా మసిబారిన చిన్న ఉంగరం, చిన్నపిల్ల వేలి సైజు. ఒడ్డునుంచే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి అవుతోంది, కళ్ళజోడు వెతికి పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వెండేనే అది. విభూతి పెట్టి తోము, తెల్లగా వస్తుంది" అంది. "తోమాక మళ్ళీ చూపించు, పడుకోను."