మేకులూ పిన్నులూ: నా డిటెక్టివ్ నవల అచ్చయిన వైనం

కిందటి వారం నా డిటెక్టివ్ నవల అచ్చయి ఇంటికి వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న ఒక పాత జమీందారీ మేడలో, 1912లో గీసిన తైలవర్ణ చిత్రం ఒక రాత్రి మాయమవుతుంది. అది ఎవరి పని అన్నదే కథ. రాయడం నాకు కష్టమనిపించలేదు. రాసినదాన్ని రాసినట్టుగా అచ్చులో చూసుకోవడానికి మాత్రం చుక్కలు కనిపించాయి. ఆ కోపం ఇంకా చల్లారలేదు కనుక ఇందులో కొన్ని మాటలు కటువుగా తగిలితే చదివేవారు సర్దుకోవాలి.

ఉద్యోగమంతా డ్రాయింగు మాస్టారుగా చేసినవాణ్ణి కాబట్టి కాన్వాసు, రంగులు, చట్రాల గురించి నేను ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. పోలీసు వ్యవహారం మాత్రం మా వీధిలో ఉండే ఒక విశ్రాంత సబిన్‌స్పెక్టరు గారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. కథాకాలం 2023 కనుక, రాత్రివేళ ఇంట్లో జొరబడి చేసిన దొంగతనానికి ఆనాడు అమల్లో ఉన్న ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 457, 380 సెక్షన్లే ఎఫ్‌ఐఆర్‌లో రాయించాను.

ఇక్కడ కథలోని కీలకాన్ని చెప్పక తప్పదు. నవల చదవదలచినవారు ఈ పేరా దాటి వెళ్ళవచ్చు. ఆ రోజుల్లో కాన్వాసును చెక్క చట్రం మీద బిగించడానికి చిన్న ఇనుప మేకులు కొట్టేవారు. గన్నుతో స్టేపుల్ పిన్నులు కొట్టే అలవాటు ఆ తరవాత ఎన్నో ఏళ్ళకు వచ్చింది. నా నవలలో నాలుగో అధ్యాయంలో, ఆ మేడలో ఏళ్ళ తరబడి పనిచేసి మానేసిన ముసలి నౌకరు, ప్రతి దసరాకూ ఆ బొమ్మను దించి బూజు దులిపేవాడినని, వెనక మేకులు తుప్పు పట్టి గుడ్డ అంచంతా కాఫీ మరకల్లా ఉండేదని, ఒకసారి మేకు గీరుకుంటే టీటీ ఇంజెక్షన్ చేయించారని చెబుతాడు. పదకొండో అధ్యాయంలో, చోరీకి కొద్ది వారాల ముందు వైరింగు పనికి వచ్చిన కుర్రవాడు, అదే బొమ్మను గోడ మీద నుంచి దించుతుంటే వెనక ఉన్న పిన్ను తన చొక్కాకు పట్టుకుని దారం లాగేసిందని చెబుతాడు. ఇద్దరూ చెప్పినది నిజమే. అంటే అసలు చిత్రం ఎప్పుడో తరలిపోయింది, గోడకు ఉన్నది నకలు, ఆ నకలు బయటపడకుండా ఉండడానికే ఈ చోరీ జరిగింది. చివరి అధ్యాయంలో పరిశోధకురాలు ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి దొంగను పట్టుకుంటుంది. నూరేళ్ళు దాటిన చిత్రాన్ని 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు కాబట్టి అసలుది ఇక్కడే ఎవరి పడకగదిలోనో ఉండి తీరాలని కూడా ఆమె అక్కడే తేలుస్తుంది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఈ ముడి విప్పకముందే పసిగట్టిన పాఠకుడు ఇప్పటిదాకా నాకు తారసపడలేదు.

రాతప్రతిని విజయవాడలోని ఒక ప్రచురణకర్తకు ఇచ్చాను. సగం ఖర్చు నాది, సగం ఆయనది అన్న మాట మీద ఆయన సంతోషంగానే ఒప్పుకున్నారు. దొంగతనం మరీ తేలిగ్గా జరిగిపోయిందనీ, అలారాలూ లేజరు కిరణాలూ పెడితే రక్తి కడుతుందనీ మొదట్లో ఒక సలహా ఇచ్చారు. 1911 ఆగస్టు 21న లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాను ఎత్తుకుపోయిన విన్‌చెంజో పెరూజా అక్కడ లోగడ అద్దాలు బిగించే పని చేసినవాడేననీ, మ్యూజియానికి సెలవు రోజున దాన్ని గోడ నుంచి దించుకుని బయటికి నడిచి వెళ్ళాడనీ, రెండేళ్ళకు పైగా పారిస్‌లోని తన గదిలోనే దాచి 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో అమ్మబోయి దొరికాడనీ చెప్పాను. 1990 మార్చిలో బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియంలోకి ఇద్దరు పోలీసు వేషంలో వచ్చి 13 కళాఖండాలు పట్టుకుపోతే ఇప్పటికీ ఒక్కటీ దొరకలేదనీ, ఖాళీ చట్రాలు అక్కడ అలాగే వేలాడుతున్నాయనీ కూడా చెప్పాను. ఆయన ఆ సలహాను వెనక్కు తీసుకున్నారు. నేనూ గెలిచాననుకున్నాను.

ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌లో ఇచ్చిన నా ఫైలును, ప్రెస్సుల వాళ్ళు వాడే అను అనే ఫాంట్లలోకి మార్చారు. మన ప్రెస్సుల్లో చాలాచోట్ల నేటికీ అను, పేజీలు కూర్చే పేజ్‌మేకరే రాజ్యమేలుతున్నాయి కనుక ఇది తప్పదు. మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, పొల్లు అక్షరాలు పక్క అక్షరానికి అతుక్కుని ముద్దయ్యాయి, ఇంగ్లీషు అక్షరాలున్న చోట పిచ్చి గుర్తులు వచ్చాయి. ఓపిక ఉంటే ఇవన్నీ దిద్దుకోవచ్చు. దిద్దుకోలేని సంగతి ఆ తరవాత వచ్చింది.

ప్రచురణకర్త దగ్గర ఫారానికి (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసే పేజీలకు) ఇంత అని తీసుకుని భాషను సరిదిద్దే పరిష్కర్త ఒకరు ఉన్నారు. ప్రూఫులు చూసుకోవడానికి రమ్మంటే వెళ్ళాను. ఆ సమయానికి ఆఫీసులో ఒక పేరున్న విమర్శకుడు, ఇద్దరు కవులు టీ తాగుతూ కూర్చుని ఉన్నారు. పరిష్కర్త గారు కాగితాల కట్ట నా ముందు పెట్టి, అందరికీ వినపడేటట్టు, "మాస్టారూ, నాలుగో అధ్యాయంలో మేకులన్నారు, పదకొండుకు వచ్చేసరికి అవి పిన్నులైపోయాయి. రాసింది మీకే గుర్తుండకపోతే ఎలాగండీ? వయసు మీద పడ్డాక మామూలే లెండి, అందుకేగా మేమున్నది" అన్నారు. కవులు నవ్వారు. విమర్శకుడు నవ్వకుండా జాలిగా చూశారు, అది ఇంకా బాధించింది.

కాగితాలు తిరగేసి చూస్తే పదకొండో అధ్యాయంలో ఉన్న ప్రతి పిన్నూ మేకుగా మారిపోయి ఉంది. కుర్రవాడి చొక్కా దారాన్ని ఇప్పుడు మేకు లాగుతోంది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో "రచయిత పొరబాటు, సవరించాను" అని రాసి కింద సంతకం కూడా పెట్టారు. అంతటితో ఆగలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కదా అని, 2023లో రాసిన ఎఫ్‌ఐఆర్‌లో 457, 380 కొట్టేసి 331, 305 చేశారు. ఇంకా పుట్టని చట్టం కింద మా సబిన్‌స్పెక్టరు కేసు కడుతున్నాడన్నమాట.

"అయ్యా, చివరి అధ్యాయం చదివారా?" అని అడిగాను. మొత్తం పదిహేను ఫారాల్లో పన్నెండు అయ్యాయనీ, మిగతావి ఆ సాయంత్రం చూస్తాననీ చెప్పారు. అపరాధ పరిశోధన నవలను ముగింపు తెలియకుండా సరిదిద్దడానికి కూర్చున్న మనిషి, మతిమరుపు నాకు అంటగట్టాడు. సాక్షుల మాటల్లో తేడాయే ఈ నవలకు ప్రాణమని వివరించబోతే ప్రచురణకర్త కలగజేసుకుని, "పాఠకుడు అంత లోతుకు వెళ్ళడు మాస్టారూ. మేకైతేనేం, పిన్నైతేనేం, బొమ్మ పోయింది కదా? చివర్లో ఆ రెండు పేరాలు తీసేసి దొంగ చేతే నేరం ఒప్పించేయండి, సరిపోతుంది" అన్నారు. పిల్లలు గీసిన అరటిపండు బొమ్మను కూడా వాళ్ళను అడగకుండా చెరపని నాకు, అంతమంది ముందు గొంతు పెగల్లేదు. కట్ట తీసుకుని బయటికి వచ్చేశాను.

మన దగ్గర డిటెక్టివ్ నవల అంటే ఇంత చులకన ఎందుకో నాకు అర్థం కాదు. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో వీటి కోసం జనం పేర్లు రాసి వెళ్ళేవారు. కవితలో ఒక కామా కదిలిస్తే కవి నెల రోజులు మాట్లాడడు, అతని వేదనను అందరూ గౌరవిస్తారు. అపరాధ పరిశోధనలో సాక్ష్యాన్నే చెరిపేస్తే అది సవరణ. ఇలాంటి నవలను దిద్దేవారు ముందు ఆఖరి అధ్యాయం చదవాలి, ఆ తరవాతే మొదటి పేజీ తెరవాలి. ఆ ఓపిక లేనివారు శుభలేఖలు దిద్దుకుంటే ఎవరికీ నష్టం లేదు.

నేను ముందుగా కట్టిన డబ్బులో డీటీపీ ఖర్చు మినహాయించుకుని మిగతాది తిరిగి ఇచ్చారు గాని, అను ఫైలు మాత్రం తమదేనంటూ ఇవ్వలేదు. రాజమండ్రిలో ఒక డీటీపీ అమ్మాయి చేత మళ్ళీ మొదటి నుంచి మార్పించాను. ఆ అమ్మాయి పదకొండో అధ్యాయం దగ్గర ఆగి, "మాస్టారూ, ఇక్కడ పిన్ను అని కావాలనే పెట్టారా?" అని అడిగింది. దిద్దడానికి ముందు అడగడమనే మర్యాద ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో గాని, విజయవాడలో ఎవరూ నేర్పలేదు.

మిగతా పనులు తేలికే. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ వెబ్‌సైటులో స్వయంగా ప్రచురించుకునే రచయితగా నమోదు చేసుకుంటే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, ఉచితంగా వస్తుంది. దానికి ఎవరికీ పైసా ఇవ్వవద్దు. కాపీరైటు నమోదుకు సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలే. దరఖాస్తు చేయగానే డైరీ నంబరు ఇస్తారు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి ఆ తరవాత పరిశీలనకు తీసుకుంటారు. ఇదే పనికి ఒక ఏజెంటు నన్ను వేలల్లో అడిగాడు. అసలు నమోదు చేయకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు రచయితదే. ఇతివృత్తానికి, ఊహకు కాపీరైటు ఉండదని, వాటిని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది కాబట్టి, కథ దొంగిలిస్తారన్న భయంతో నమోదుకు పరుగెత్తేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. నా మేకులూ పిన్నులూ రేపు ఇంకెవరైనా తమ మాటల్లో వాడుకుంటే నేను చేయగలిగింది లేదు.

ప్రచురణకర్తతో పని పడేవారు, రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా విషయాన్ని మార్చకూడదని ఒప్పందంలో రాయించుకోండి. మార్చిన ఫైలు ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి. ప్రూఫులు ఇంటికి తెచ్చుకుని చూడండి. కవులున్న చోట చూడవద్దు. అట్ట బొమ్మ గురించి నన్ను అడగవద్దు, అది నేనే గీసుకున్నాను, అందరూ బాగుందనే అంటున్నారు.

1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. కోల్‌కతా ప్యాకెట్టు నిన్న వెళ్ళింది. దానితోపాటే విజయవాడ పరిష్కర్త గారికి కూడా ఒక ప్రతి స్పీడ్ పోస్టులో పంపాను, పదకొండో అధ్యాయం పేజీకి ఒక స్టేపుల్ పిన్ను కొట్టి.